కిలోల లెక్క సరే.. రోజుల లెక్క ఏది?

పలాస: జీడిపప్పు పరిశ్రమలో కూలికి కొలమానం కిలో. పిక్క కోసినా, బోర్మా నుంచి దిగిన పప్పుకు పొట్టు తీసినా ఎన్ని కిలోలు అయితే అంత కూలి. కొన్ని పనులకు దినకూలి ఉన్నప్పటికీ పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల పరిశ్రమను ఇన్నాళ్లూ నడిపించింది ఈ కిలోల లెక్కే. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. చట్టం పీసు రేటును ఎన్నడూ నిషేధించలేదు. చిక్కు వేరే చోట ఉంది. కార్మికురాలు జబ్బుపడిన నాడు, ప్రసవానికి వెళ్లిన నాడు, వయసు మళ్లి పింఛను కోరిన నాడు ఏ కార్యాలయమూ కిలోలు అడగదు. ఎన్ని రోజులు పని చేశారు, ఎన్ని నెలలు చందా కట్టారు అనే అడుగుతుంది. కిలోలు మాత్రమే రాసి రోజులు రాయని చిట్టా ఆ పూట ఎందుకూ కొరగాదు.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి చిన్న పరిశ్రమల యజమానుల మధ్య చర్చ అంతా పెరగబోయే ఖర్చు గురించే. ఆ ఖర్చు ఎంతో తర్వాత చూద్దాం. ముందుగా ఉద్దానంలో హాజరు పట్టీకి ఇతర ప్రాంతాల కంటే విలువ ఎందుకు ఎక్కువో చెప్పుకోవాలి.

రెండేళ్లలో 156 రోజులు

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల పల్లెలు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి దేశమంతటా పేరుపడ్డాయి. వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వైద్యం కొంత చేరువైంది. మరి కూలి సంగతి? డయాలసిస్‌కు వారంలో రెండు మూడు రోజులు పోతే మిగిలిన రోజుల్లో పిక్క కోసే సత్తువ మనిషిలో ఉండదు. కిలోలు తగ్గుతాయి, తర్వాత నిలిచిపోతాయి.

ఈఎస్‌ఐగా అందరూ పిలుచుకునే ఉద్యోగుల రాజ్య బీమాలో దీనికో ఏర్పాటు ఉంది. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు సగటు దినసరి వేతనంలో 70 శాతం భృతి ఇస్తారు. క్షయ, క్యాన్సర్‌ వంటి దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉన్నవారికి భృతి 80 శాతం. వైద్యుల సిఫారసుపై అది గరిష్ఠంగా రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం ఆ జాబితాలోనే ఉంది. ఉద్దానంలో ఈ సంగతి తెలిసిన యజమానులు ఎందరు, కార్మికులు ఎందరు?

దీనికి పెట్టిన షరతు కూడా అందరానిదేమీ కాదు. రెండేళ్ల ఉద్యోగం ఉండాలి. అంతకుముందు నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో, 156 రోజులకు చందా కట్టి ఉండాలి. నెలకు సగటున ఆరున్నర రోజులు. మామూలు జబ్బు భృతికైతే ఆరు నెలల్లో 78 రోజులు, అంటే నెలకు 13 రోజులు. ప్రసూతికి ఏడాదిలో 70 రోజులు చాలు, 26 వారాల పూర్తి వేతనం వస్తుంది. పిక్కల రాక తగ్గి పని అరకొరగా సాగిన ఏడాదిలోనూ కర్మాగారంలోని మహిళలు ఈ అంకెలు సులువుగానే దాటగలరు. దాటినట్లు రాసిపెట్టిన కాగితం ఉండాలి, అంతే. పాతిక రోజులు పని చేసిన మనిషికి పది రోజులే చూపి చందా మిగుల్చుకునే పద్ధతి ఎక్కడ ఉన్నా, అక్కడ మిగిలేది వందల రూపాయలు. కార్మికురాలు పోగొట్టుకునేది జబ్బు భృతి.

కార్డు ఉండి ఏం లాభం, ఈఎస్‌ఐ ఆసుపత్రి కావాలంటే దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లాలి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ లోటు ప్రభుత్వమే తీర్చాలి. కానీ భృతి సొమ్ము బ్యాంకు ఖాతాకే వస్తుంది. దానికి దూరంతో పని లేదు.

జీడి ‘సీజనల్‌’ కాదు

పిక్కల పంట మూడు నెలలే కనుక తమది సీజనల్‌ పరిశ్రమ అన్న వాదన కొందరిది. చట్టం చెప్పే సీజనల్‌ ఫ్యాక్టరీల్లో వేరుశనగ ఒలిచే మిల్లు ఉంది, పత్తి జిన్నింగు ఉంది, చక్కెర ఉంది. జీడిపప్పు పేరు లేదు. పైగా ఉద్దానం పిక్కలు అయిపోయాక విదేశాల పిక్కలతో పని సాగించుకునే పరిశ్రమ సీజను వాదన చేయడం అంతగా అతకదు. ఇంతకుముందు ఈఎస్‌ఐ ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాలకే పరిమితమయ్యేది. సామాజిక భద్రత కోడ్‌ ఆ హద్దును తొలగించింది. పది మంది పనిచేసే చోట ఈఎస్‌ఐ, ఇరవై మంది ఉంటే భవిష్య నిధి వర్తిస్తాయి. బాయిలరు ఒకరి పేర, కోత షెడ్డు మరొకరి పేర, పీలింగు ఇంటావిడ పేర చూపినంత మాత్రాన మూడు సంస్థలు కావు. ఒకే సంస్థకు చెందిన విభాగాలను కలిపే లెక్కిస్తారు. మేస్త్రీ ద్వారా వచ్చిన కూలీలకు మేస్త్రీ చందా కట్టకపోతే ఆ బాధ్యత అసలు యజమానిదే.

ఖర్చెంత?

లెక్క సులువుగా ఉండేందుకు నెలకు పది వేల రూపాయలు సంపాదించే కార్మికురాలిని తీసుకుందాం. ఈఎస్‌ఐకి ఆమె వాటా 0.75 శాతం, అంటే 75 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 325 రూపాయలు. భవిష్య నిధికి ఇద్దరూ 12 శాతం చొప్పున చెరి 1,200 రూపాయలు. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను నిధికి వెళ్తుంది. అనుబంధ బీమాకు అర శాతం, నిర్వహణ ఖర్చుకు అర శాతం కలిపి మరో వంద. యజమానిపై మొత్తం 1,625 రూపాయలు. చిన్న మొత్తమేమీ కాదు. పిక్కల ధర ఒకవైపు, గుండు ధర మరొకవైపు ఊగిసలాడే వ్యాపారంలో ఆరో వంతు అదనపు భారం మోయడం కష్టమే. అయితే అర శాతం కట్టిన ఆ అనుబంధ బీమా నుంచే, ఉద్యోగంలో ఉండగా కార్మికురాలు మరణిస్తే కుటుంబానికి ఏడు లక్షల రూపాయల వరకు అందుతుంది.

కార్మికుల వైపు నుంచీ అభ్యంతరం ఉంది. చేతికొచ్చే కూలిలో 1,275 రూపాయలు తగ్గితే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? రేపటి పింఛను కంటే ఈ వారం కిరాణా ముఖ్యం. కర్మాగారాలు మారుతుంటాం, డబ్బు ఎక్కడ పోతుందో తెలియదన్న అనుమానం మరొకటి. యూఏఎన్‌ సంఖ్య, ఈఎస్‌ఐ బీమా సంఖ్య ఎన్ని చోట్లకు మారినా అవే కొనసాగుతాయని, పదేళ్ల సర్వీసు పూర్తయితే పింఛనుకు అర్హత వస్తుందని వారికి తెలుగులో చెప్పేవారు కావాలి. ఆధార్‌లో ఒక పేరు, చిట్టాలో మరో పేరు ఉంటే చేరేనాడే సరిచేయించాలి. తర్వాత అదే పెద్ద తలనొప్పి.

పీసు రేటుకూ ఓ అడుగు మట్టం ఉంది. కిలోకు కనీస రేటు నిర్ణయించని పనికి, గంటల లెక్కన నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వరాదని వేతనాల కోడ్‌ చెబుతోంది. కనీస వేతనంలోని కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంటుంది. కిలో రేటు మాత్రం యజమానులు, కార్మికులు బేరమాడుకున్నప్పుడే మారుతుంది. జీడి పరిశ్రమకు మరో కేంద్రమైన కేరళలోని కొల్లంలో కోతకు, పీలింగుకు కిలో రేట్లు కనీస వేతనాల ఉత్తర్వుల్లోనే ఉంటాయి. ఇక్కడా అలాంటి ఉత్తర్వు ఉంటే ఏటా తగవు తప్పుతుంది. యజమానులే ముందుగా కోరవలసిన విషయమిది.

టెక్కలి గ్రానైట్‌ క్వారీలు, పాలిషింగు యూనిట్ల సమస్య మరో రకం. అక్కడ మూలవేతనం తక్కువ, బత్తాలు ఎక్కువగా చూపే పద్ధతి ఉన్నచోట కొత్త నిర్వచనం అడ్డుపడుతుంది. మొత్తం చెల్లింపులో మినహాయింపు భత్యాలు సగం దాటితే, దాటిన మేరకు వేతనంగానే లెక్కిస్తారు. రాతి ధూళితో సిలికోసిస్‌ వచ్చే పని అది. ఏళ్ల తర్వాత బయటపడే ఆ జబ్బు ఏ క్వారీలో అంటుకుందో రుజువు చేసేదీ హాజరు పట్టీయే.

పాత లోపాలు సరిదిద్దుకునే వారికి భవిష్య నిధి సంస్థ ఒక దారి చూపింది. 2017 జులై 1 నుంచి 2025 అక్టోబరు 31 వరకు నమోదుకాని ఉద్యోగులను ప్రకటించుకునేందుకు 2025 నవంబరు 1న పథకం తెచ్చి, 2026 ఏప్రిల్‌ 30ని గడువుగా పెట్టింది. కూలి నుంచి కోయకపోయి ఉంటే కార్మికుడి వాటా మాఫీ, జరిమానా నామమాత్రంగా వంద రూపాయలు. కొత్తగా మనుషులను చేర్చుకునే వారికి వికసిత్‌ భారత్‌ రోజ్‌గార్‌ యోజన ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు చేర్చుకున్న అదనపు ఉద్యోగికి నెలకు మూడు వేల రూపాయల వరకు యజమానికి ప్రోత్సాహకం, తయారీ రంగంలో నాలుగేళ్లు. యాభై మంది లోపు ఉన్న సంస్థ ఇద్దరిని అదనంగా చేర్చుకుని ఆరు నెలలు నిలపాలి. పైన చెప్పిన 1,625 రూపాయల్లో కొంత ఇక్కడ తిరిగి రాబట్టుకోవచ్చు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. కిలోల చిట్టాలోనే తేదీల గడులు గీసి, ప్రతి మహిళ పేరు ఎదుట వచ్చిన రోజుకు గుర్తు పెట్టి, నెలాఖరున రోజులు, కిలోలు, కూలి, కోత నాలుగూ రాసిన చీటీ చేతికివ్వాలి. పీసు రేటు వారికీ నియామక పత్రం తప్పనిసరి. అది ఒక పేజీ తెలుగులో ఉంటే చాలు. చందాలు మరుసటి నెల 15లోగా కట్టాలి. ఈఎస్‌ఐ చందా కాలం ఏప్రిల్‌ 1న మొదలవుతుంది. ఉద్దానంలో పిక్క దిగేదీ ఆ రోజుల్లోనే. అప్పటి నుంచి సెప్టెంబరు ఆఖరులోగా 78 రోజులు నమోదైన కార్మికురాలికి మరుసటి జనవరి నుంచి జూన్‌ వరకు జబ్బు భృతి హక్కు ఉంటుంది.