ఉప్పు దొరకని సంవత్సరం

మొన్న మిర్యాలగూడలో ఒక పాత మిత్రుని ఇంట జరిగిన చర్చ ఇంకా నా మనసును వదలలేదు. మాట ఇరాన్ మీదికి, అక్కడినుండి క్యూబా మీదికి వెళ్ళింది. "అమెరికా ఆంక్షల్లో నలుగుతున్న ప్రభుత్వాన్ని ఈ సమయంలో విమర్శించడమంటే, కొట్టేవాడి చేతికి కర్ర అందించడమే" అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళ స్నేహం కనుక గట్టిగానే వాదించుకున్నాం. ఆయన శ్రీమతి టీ తెచ్చి ఇద్దరినీ కాసేపు ఊరుకోబెట్టవలసి వచ్చింది. అక్కడ చెప్పలేకపోయినవి, సూర్యాపేటకు తిరిగివచ్చే బస్సులో తోచినవి, ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆంక్షలంటే మనకు దూరదేశపు సంగతిగా తోస్తుంది. కాని మా ప్రాంతమూ ఒకనాడు దిగ్బంధంలో బ్రతికింది. 1947 నవంబరు 29న నిజాముకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాదికి అది పేరుకే మిగిలింది. సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయాయి. ఉప్పు, పెట్రోలు, మందులు రానివ్వడం లేదని హైదరాబాదు ప్రభుత్వం మొరపెట్టుకుంది. ఢిల్లీ దానిని దిగ్బంధమని ఒప్పుకోలేదు. కోదాడ దాటితే మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా. ఇవతల మునగాల పరగణా మాత్రం నిజాం నేల నడుమ చిక్కుకున్న కృష్ణా జిల్లా ముక్క. (ఈ వింత భూగోళం మీద ఎప్పుడైనా వేరే టపా వ్రాయాలి.) మా వైపుకు సముద్రపు ఉప్పు ఆ దారినే రావాలి.

మా నాయనమ్మది సూర్యాపేట పక్కన పల్లె. రజాకార్ల రోజులను తలచుకుంటే ఆమె ముందుగా చెప్పేది తుపాకుల సంగతి కాదు, ఉప్పు సంగతి. చప్పిడి గంజి తాగామనీ, ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఊటను జొన్న సంకటిలో కలుపుకున్నామనీ చెప్పేది. "మరి గడీలో?" అని అడిగితే నవ్వి, "దొర ఇంట్ల ఉప్పుకేం కరువు బిడ్డా!" అనేది.

ఆంక్షల గురించి నేను చదివిన పుస్తకాలేవీ నాకింత సూటిగా చెప్పలేదు. కొరత వచ్చినప్పుడు మిగిలిన కాస్తనూ పంచే చెయ్యి పాలకునిదే. 1990 నుండి 2003 దాకా ఇరాక్‌లో జరిగినదీ ఇదే. దేశమంతా సర్కారు రేషను మీద ఆధారపడింది. రేషను కార్డు సద్దాం చేతిలో ఉంది. ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడి మానవతా కార్యక్రమం చూసిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తరువాత వచ్చిన హాన్స్ వాన్ స్పానెక్ 2000లో, ఈ ఆంక్షలకు నిరసనగానే ఉద్యోగాలు వదులుకున్నారు. ఆ రోజుల్లో ప్రచారమైన 5 లక్షల శిశుమరణాల అంకె తరువాతి సర్వేలలో నిలబడలేదు. నిలబడని అంకెను మనవాళ్ళు నేటికీ వల్లించడం నాకు నచ్చదు. అది లేకుండానే ఆంక్షలు అన్యాయమని చెప్పవచ్చు.

ఇక మిత్రుని వాదన. అదీ మా నేలకు కొత్తది కాదు. 1948లో కలకత్తా మహాసభ తరువాత కమ్యూనిస్టు పార్టీ నెహ్రూ ప్రభుత్వాన్ని సామ్రాజ్యవాదుల తొత్తుగా లెక్కగట్టింది. మే నెలలో నిజాం పార్టీపై నిషేధం ఎత్తివేశాడు. హైదరాబాదు నగరంలోని పార్టీ నాయకులు కొందరు 'ఆజాద్ హైదరాబాద్' అన్నారు. నెహ్రూ సామ్రాజ్యవాదుల మనిషి, నిజాం నెహ్రూకు శత్రువు, కనుక... కాగితం మీద ఈ లెక్క సరిపోతుంది. కాని అదే సమయంలో నల్లగొండ పల్లెల్లో దళాలు రజాకార్లతో పోరాడుతున్నాయి. ఆ లెక్కను ఆ పల్లెల్లో నిలబడి ఎవరు చెప్పగలరు?

అవతలి పొరపాటూ చిన్నది కాదు. సెప్టెంబరు 13న భారత సైన్యం కోదాడ చేరింది. రెండు రోజుల తరువాత సూర్యాపేట. వెనుదిరుగుతున్న నిజాం సేన మూసీ వంతెనను పేల్చివేసింది. రజాకార్ల పీడ వదిలిందని ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ సైన్యమే తరువాత రైతు దళాల మీదికి మళ్ళింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా అణచివేత సాగింది. సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు జిల్లాలలో, సామాన్య ముస్లింల మీద జరిగిన హత్యాకాండలో 27 వేల నుండి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. దిగ్బంధించినవాడు విమోచకుడన్న లెక్కా అలా తప్పింది.

ఆంక్షలన్నీ ఒకటేనా అని అడగవచ్చు. దక్షిణాఫ్రికాతో వ్యాపారం 1946లోనే మానిన దేశం మనది. కాని అక్కడ బహిష్కరించండని కోరినవారు ఆ పీడిత ప్రజల సంస్థలే. ఇరాక్‌లో అలా ఎవరు కోరారు? ఈ తేడాను నా మిత్రుడు ఒప్పుకున్నాడు. నేను ఒప్పుకున్నదీ ఒకటుంది: 2003లో సద్దాం దురాగతాల జాబితానే యుద్ధానికి సాకుగా వాడుకున్నారు. ఆ భయం ఊరికే పుట్టినది కాదు.

1992లో క్యూబాకు 10 వేల టన్నుల గోధుమలు పంపాలని సుర్జీత్ పిలుపునిచ్చినప్పుడు మేమిద్దరం మిర్యాలగూడ బస్టాండులో డబ్బా పట్టుకుని చందాలు అడిగినవాళ్ళమే. మిల్లు హమాలీలు రూపాయి, రెండు రూపాయలు వేశారు. ఆ డబ్బా పట్టినందుకు నాకు నేటికీ సంతోషమే. ఇవాళ పిలిచినా వెళతాను. కాని 2021 జులై 11న తిండికి, మందులకు, స్వేచ్ఛకు వీధుల్లోకి వచ్చిన క్యూబా జనాన్ని జైళ్ళలో వేసినప్పుడు నోరు మూసుకోమంటే నావల్ల కాదు. ఆ హమాలీలు రూపాయి వేసింది ఆ జనానికే కదా?

ఇదే మాట మొన్న అనబోతే టీ వచ్చింది. మిత్రుడు దీనిని చదువుతాడు. జవాబు ఫోనులో కాక ఇక్కడే వ్రాయమని ఆయనను కోరుతున్నాను.