మేసేవాళ్లు లేని పగడపు దిబ్బ

1983 జనవరిలో, పనామా కాలువ కరీబియన్ సముద్రంలో కలిసేచోట, డయాడెమా అనే నల్ల సీ అర్చిన్లు చచ్చిపోవడం మొదలైంది. బంతిలాంటి ఒంటి చుట్టూ పొడవాటి సూదుల్లాంటి ముళ్లుండే జీవి ఇది. పగలంతా రాతి సందుల్లో నక్కి, చీకటిపడ్డాక బయటికొచ్చి రాళ్ల మీది నాచును గీక్కుతింటుంది. జబ్బుపడినవి పట్టపగలే బయటికొచ్చేశాయి. ముళ్లు రాలిపోయాయి, రాయిని పట్టుకునే బలం లేక దొర్లాయి, చేపలు వాటిని కొరుక్కుతిన్నాయి. ఏడాది దాటేసరికి రోగం కరీబియన్ అంతటా పాకింది. సోకినచోటల్లా 93 శాతానికి తగ్గకుండా పోయాయి.

జమైకా తీరపు దిబ్బల మీద 1970ల చివర్లో 52 శాతం మేర పగడాలు ఉండేవి. 1990ల తొలినాళ్లకు మిగిలింది 3 శాతం. గీక్కుతినే అర్చిన్లు పోవడంతో నాచు 4 శాతం నుంచి 92కు పెరిగింది. పగడపు పిల్ల అతుక్కుని బతకాలంటే శుభ్రమైన రాయి కావాలి, అదే కరువైంది.

నేరమంతా ఆ రోగం మీదికి నెట్టేస్తే అసలు సంగతి చూడనట్టే. రోగం రావడానికి ఎన్నో ఏళ్ల ముందే జమైకాలో ప్యారట్ ఫిష్ వంటి నాచు మేసే చేపలను విపరీతంగా పట్టేశారు. వాటి వంతు మేత కూడా అర్చిన్లే మేశాయి. 1980లో అలెన్ తుపాను పగడాలను విరగ్గొట్టినా, అర్చిన్లు రాళ్లను శుభ్రంగా ఉంచబట్టి కొత్త పగడాలు మొలకెత్తసాగాయి. పైకి దిబ్బ బాగానే ఉంది. లోపల మాత్రం ఒక్క జీవి మీదే బరువంతా పడింది. చేపలు పోయిన నష్టాన్ని అది అన్నేళ్లూ కప్పిపెట్టింది.

ఇంకో మాట. ఈ అర్చిన్ జాతి అంతరించలేదు. మిగిలినవి అక్కడక్కడా ఉన్నాయి. అయితే వీటి గుడ్లూ వీర్యమూ నీటిలోనే కలవాలి, దూరం దూరంగా ఉన్నప్పుడు ఆ కలయిక కుదరదు. జాతి ఉందా లేదా అన్న లెక్క ఇక్కడ ఎందుకూ కొరగాదు. నాచు మేసే పనికి సరిపడా ఉన్నాయా అని అడగాలి. నలభై ఏళ్లయినా పాత సంఖ్య తిరిగిరాలేదు. 2022లో మళ్లీ చావులు మొదలయ్యాయి. ఈసారి కారకం ఏకకణ జీవి అని మరుసటి ఏడాది తేల్చారు.

ఇప్పుడు ఫ్లోరిడాలో, ప్యూర్టోరికోలో తొట్లలో అర్చిన్ పిల్లలను పెంచి దిబ్బల మీద వదులుతున్నారు. మంచి ప్రయత్నమే. నాకు మాత్రం బెలీజ్ 2009లో చేసిన పని మీదే ఎక్కువ ఆశ ఉంది: నాచు మేసే చేపలను పట్టడం అక్కడ నిషేధించారు.