ఆస్మాన్‌లో పోయే ఖాఫిలాకూ ఓ అమీర్ కావాలి



కంప్యూటర్ ముందు కూచుని విమానం నడిపే పిల్లల గురించి మన ఇళ్లలో రెండే మాటలు వినపడతాయి. "వక్త్ బర్బాద్" అనేది అబ్బా మాట. "మా బేటా పైలట్ అయిపోతాడు, చూడండి" అనేది అమ్మీ మాట. రెండూ గలత్ అని నా ఖయాల్. ఒంటరిగా అర్ధరాత్రి దాకా నడిపితే అబ్బా మాటే నిజమవుతుంది. నలుగురు కలిసి, వక్త్ పెట్టుకుని, రాస్తా కాగితం మీద రాసుకుని, ఒకరి వెనక ఒకరు ఎగిరితే మాత్రం ఆ షౌఖ్ తర్బియత్‌గా మారుతుంది. ఆ మార్పు తెచ్చేది మంచి ఇంతెజామ్. అందులో మన పెద్దల చెయ్యి కూడా ఉండాలన్నదే ఈ రోజు నా అర్జ్.

ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్త వింత కాదు. మైక్రోసాఫ్ట్ మొదటి సిమ్యులేటర్ 1982లో వచ్చింది. ఇప్పటి వాటిలో మన మానేరు నీళ్లు కూడా కనపడతాయి. ఐవావో అనే నెట్‌వర్క్ 1998లో, వ్యాట్‌సిమ్ 2001లో మొదలయ్యాయి. రెండూ ముఫ్త్. రెండింటికీ ఇండియా విభాగాలున్నాయి. అక్కడ కంట్రోలర్లు కూడా మనలాంటి షౌఖీన్లే, జీతం లేకుండా కూచుంటారు. తంగళ్ళపల్లిలో పిల్లాడు శంషాబాద్ రన్‌వే మీద విమానం నిలబెడితే, ఇంకెక్కడో తన గదిలో కూచున్న కంట్రోలర్ అసలు ఏటీసీ మాట్లాడినట్టే మాట్లాడి ఇజాజత్ ఇస్తాడు. గ్రూప్ ఫ్లైట్ అంటే పది మంది ఒకే రోజు, ఒకే గడియకు, ఒకే రాస్తాలో వెళ్లడం. మన జబాన్‌లో చెప్పాలంటే ఖాఫిలా.

ఈ ఖాఫిలా మనకు ఎందుకు జరూరీ? సిరిసిల్ల, తంగళ్ళపల్లి, కోరుట్ల, జగిత్యాల ఖాందాన్‌లను చూడండి. ఎంతమంది అబ్బాలు, మామూలు, భాయ్‌లు దుబాయ్‌లో, జెద్దాలో ఉన్నారో లెక్కే లేదు. వీడియో కాల్‌లో "ఖానా అయ్యిందా", "చదువు ఎట్లుంది", "ఠీక్ హై" అన్నాక ఇద్దరికీ మాటలు ఉండవు. కలిసి ఒక పని చేస్తున్నప్పుడు మాత్రం మాటలు వాటంతట అవే వస్తాయి. "బేటా, నీ ఎత్తు ఎంత?", "మామూ, మీరు ముందుకు పోయారు, కొంచెం స్పీడ్ తగ్గించండి." రెండు గంటల్లో ఇట్లాంటివి నలభై సార్లు అనుకుంటారు. నా దృష్టిలో అది మంచి ములాఖాతే.

అయితే ఇంతెజామ్ లేకపోతే పది నిమిషాల్లో ఖాఫిలా చెల్లాచెదరు అవుతుంది. నా సలహా ఇది.

మొదటిది వక్త్. విమానాల లోకమంతటికీ గడియారం ఒక్కటే, యూటీసీ. పైలట్లు దాన్ని జూలూ టైమ్ అంటారు. మన టైమ్ దానికి అయిదున్నర గంటలు ముందు. జూలూ 15:30 అంటే తంగళ్ళపల్లిలో రాత్రి 9, దుబాయ్‌లో 7:30, జెద్దాలో 6:30. చికాగోలో ఎండాకాలమైతే పొద్దున 10:30, చలికాలమైతే 9:30. ఈ నాలుగూ ఖాఫిలా కాగితం మీద పక్కపక్కన రాసి ఉండాలి. రోజు కూడా ఆలోచించాలి. సౌదీలో సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈలో 2022 నుంచి శని, ఆదివారాలు. అందరికీ కలిసేది శనివారం ఒక్కటే. ఇంకో మాట. మనకు ఇషా అయిపోయిందని 9 గంటలు పెడితే, ఎండాకాలం జెద్దాలో ఉన్న భాయ్‌కి విమానం లేచిన కాసేపటికే మగ్రిబ్ వస్తుంది. మగ్రిబ్ వక్త్ చిన్నది, ఇషాకు వక్త్ ఉంటుంది. కాబట్టి ఎండాకాలం ఒక గంట వెనక్కి జరపాలి. అప్పుడు ఇక్కడ రాత్రి 10 అవుతుంది. పిల్లలున్నారు కాబట్టి సఫర్‌ను గంటకు కుదించాలి. ఇన్ని చోట్ల ఇంతమంది వక్త్‌ను లెక్కలోకి తీసుకోవడం నేర్చుకున్న పిల్లాడు రేపు ఏ దఫ్తర్‌లోనైనా పనికొస్తాడు.

రెండోది రాస్తా. మనోళ్లందరికీ మొదటి రోజే పెద్ద ఎయిర్‌బస్‌లో శంషాబాద్ నుంచి దుబాయ్ పోవాలని ఉంటుంది. అబ్బాను పంపిన రాస్తా కదా, దిల్‌లో అదే ఉంటుంది. కానీ అది నాలుగు గంటల పని. అందులో సగానికి పైగా ఆటోపైలట్ పెట్టి సముద్రం చూస్తూ కూచోవడమే. సగం మంది నిద్రపోతారు. మొదటి ఖాఫిలాను బేగంపేట నుంచి లేపండి. నిజాం జమానా దక్కన్ ఎయిర్‌వేస్ అక్కడిదే. 1945లో పుట్టి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట నుంచి ఉత్తరానికి నర్మాల దగ్గరి ఎగువ మానేరు, అక్కడి నుంచి నది వెంట సిరిసిల్ల, తంగళ్ళపల్లి మధ్య వంతెన, తర్వాత మిడ్‌మానేరు, ఆఖరుకు కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు. చిన్న సెస్నా 172లో బేగంపేటకు తిరిగి రావడంతో సహా దాదాపు రెండు గంటలు. పిల్లలతో గంటలో ముగించాలంటే బేగంపేట నుంచి నర్మాల దాకా పోయి వెనక్కి తిరగండి. నది కనపడుతుంటే తప్పిపోయే భయం తక్కువ. మన ఊరిని పైనుంచి చూసిన పిల్లాడికి మానేరు ఎటు నుంచి ఎటు పోతుందో భూగోళం పుస్తకం చెప్పనక్కర లేదు.

మూడోది, నాకు అన్నిటికన్నా అహమ్ అనిపించేది, గరీబ్ కంప్యూటర్. కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్లు ఎగురుతుండగానే నేల బొమ్మలను నెట్ నుంచి లాగుతాయి. దానికి మంచి మెషిన్ కావాలి, డేటా జీబీల్లో కావాలి. సాంచెల పని మీద బతికే ఇంట్లో అది ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్లైట్‌గేర్ అనేది పూర్తిగా ముఫ్త్, పాత కంప్యూటర్ మీద కూడా కొంత సర్దుకుంటే నడుస్తుంది. వ్యాట్‌సిమ్ మీద ఎవరి సిమ్యులేటర్ ఏదైనా అందరూ ఒకే ఆస్మాన్‌లో ఉంటారు. కాబట్టి "ఫలానాది కొనుక్కుంటేనే రా" అనే షర్త్ పెట్టొద్దు. స్పీడ్ ఎంతన్నది అందరికన్నా మెల్లగా పోయేవాడిని చూసి నిర్ణయించాలి. వాతావరణం మాత్రం అందరూ ఒకటే పెట్టుకోవాలి. లేకపోతే గాలి పీడనం లెక్కలు కలవవు, ఇద్దరి మీటర్లూ మూడు వేల అడుగులే చూపిస్తాయి, కానీ ఒకరు పైన, ఒకరు కింద ఉంటారు.

నాలుగోది అమీర్. ముగ్గురు సఫర్‌కు బయలుదేరితే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమన్న హిదాయత్ మనకు తెలిసిందే. ఇక్కడా అంతే. అమీర్ అంటే బాగా ఎగిరేవాడు అనుకోవద్దు. సబర్ ఉన్నవాడిని పెట్టండి. అందరి హాజరీ తీసుకుంటాడు. రన్‌వే మీద కనెక్ట్ కాకుండా పార్కింగ్‌లోనే కనెక్ట్ కమ్మని గుర్తు చేస్తాడు, అది వ్యాట్‌సిమ్ ఖాయిదా కూడా. కంట్రోలర్ లేని చోట 122.800 మీద ఎవరు ఎక్కడున్నారో చెప్పిస్తాడు. రెండు నిమిషాలకు ఒకరిని లేపుతాడు. కరెంటు పోయి ఒకడు మాయమైతే ఎవరు ఆగాలో, ఎవరు ముందుకు పోవాలో ముందే రాసి ఉంచుతాడు. దిగేటప్పుడు కొత్తవాళ్లను ముందు దింపి తను ఆఖరున దిగుతాడు. పెద్ద స్థాయిలో వ్యాట్‌సిమ్ వాళ్లు ఏటా రెండుసార్లు అట్లాంటిక్ దాటే 'క్రాస్ ద పాండ్' నడుపుతారు. అక్కడ ఎవరు ఎప్పుడు లేవాలో ముందే బుకింగ్ ఉంటుంది. మన పది మందికీ అదే ఉసూల్.

ఇప్పుడు ఎవరూ బయటికి అనని ఒక మాట. 2001 సెప్టెంబర్ తర్వాత మన ఇళ్లలో చాలామంది అమ్మీల దిల్‌లో ఒక ఖౌఫ్ ఉంది. "మన పేరు పెట్టుకున్న పిల్లాడు విమానం నేర్చుకుంటున్నాడంటే లోకం ఏమనుకుంటుందో." ఆ ఖౌఫ్‌ను నేను తేలిక చేయను. కానీ దానికి జవాబు దాచడం కాదు. దాచుకోమని చెబితే పిల్లాడు తన షౌఖ్‌లోనే ఏదో జుర్మ్ ఉందనుకుంటాడు. వ్యాట్‌సిమ్ మీద ఎగిరే ప్రతి విమానం అందరూ చూసే మ్యాప్ మీద కనపడుతుంది. హైజాక్ నాటకం అక్కడ పూర్తిగా మనా, 7500 అనే కోడ్ పెట్టడానికే వీల్లేదు. మన ఖాఫిలా కాగితం మీద కూడా ఆ ఖాయిదా మొదటి వరసలో ఉండాలి. అట్లాంటి మజాక్ ఒక్కసారి చేసినా బయటికే. ఒక పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ కూచోవాలి. ఖుల్లం ఖుల్లా చేసే పనికి డర్ తక్కువ.

బేటీల సంగతి. గొంతు వినిపించడం ఇష్టం లేని ఇళ్లున్నాయి. వ్యాట్‌సిమ్ మీద మాట్లాడకుండా టైప్ చేస్తూ కూడా ఎగరొచ్చు, పేరు బదులు సభ్యత్వ నంబర్ వాడొచ్చు. వయసు మాత్రం కనీసం 13 ఉండాలి. కాబట్టి బేటీని పక్కన పెట్టడానికి బహానా లేదు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి బిడ్డ సయ్యదా సల్వా ఫాతిమా అసలు విమానమే నడిపింది.

అట్లని పిల్లలకు ఝూటా ఆశ పెట్టొద్దు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 200 గంటలు అసలు విమానంలో ఎగరాలి, దానికి లక్షలకు లక్షలు కావాలి. ఇంట్లో ఎగిరిన వెయ్యి గంటలు ఆ లెక్కలోకి రావు. అయినా చేతికి వచ్చేది తక్కువేం కాదు. ఇంగ్లీషులో సాఫ్‌గా మాట్లాడటం, చెప్పింది విని తిరిగి చెప్పడం, తన బారీ వచ్చేదాకా ఆగడం, వెనకబడ్డవాడి కోసం స్పీడ్ తగ్గించడం. ఇవన్నీ సాంచెల షెడ్డులోనూ పనికొస్తాయి, దుబాయ్ సైట్ మీదా పనికొస్తాయి.

నెలకు ఒక శనివారం చాలు. మిగతా రాత్రులు కంప్యూటర్ బంద్ అని అబ్బా చెప్పొచ్చు, ఆ మాటకు పిల్లాడు కూడా రాజీ అవుతాడు. ఈ వారం మీ పిల్లాడిని ఒక్కటి అడగండి: "మీ ఖాఫిలాలో ఎవరెవరున్నారు, అమీర్ ఎవరు, కాగితం ఏది?" కాగితం లేకపోతే తిట్టొద్దు. పక్కన కూచుని కలిసి రాయండి.

ఖుదా హాఫిజ్.