పచ్చి పులుసు పక్కన సీసా

కరీంనగర్‌లో మందుల షాపుకు వెళ్లినా, సూపర్ మార్కెట్‌కు వెళ్లినా ఆపిల్ సైడర్ వెనిగర్ సీసా కళ్లబడుతోంది. లోపల తేలే తెట్టును ‘మదర్’ అంటారని లేబుల్ మీద గొప్పగా రాసి ఉంటుంది. పొద్దున్నే గ్లాసెడు నీళ్లలో చెంచాడు కలిపి మొహం చిట్లించుకుని తాగి, మధ్యాహ్నం అన్నంలో పచ్చి పులుసు పోసుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు. మొదటిది మందట, రెండోది రుచి.

ఆ తెట్టు మనకు కొత్తదా? తాటిచెట్టు మీంచి దించిన కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది. నాలుగు రోజులు లొట్టిలో మరిచిపోతే ముక్కుపుటాలు అదిరేంత ఘాటెక్కుతుంది. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. గాలి సోకితే మరో సూక్ష్మజీవి ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. ఆపిల్ రసానికి జరిగేదీ ఇదే. గోవా వాళ్లు కొబ్బరి కల్లును అలాగే పులియబెట్టి వంటల్లో పోసుకుంటారు. మనం పారబోశాం. చింతచెట్టు వాకిట్లోనే ఉంటే పులుపు కోసం వారాల తరబడి కుండకు కాపలా కాసేదెవరు?

అలాగని ఆపిల్‌ను పరాయిదని తోసెయ్యలేం. పాత ఆదిలాబాద్‌లోని కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయంతో ఆపిల్ తోట పెంచి, 2020లో తొలి కాపు కోశాడు. ఎండలు మండే ఆ నేలలో! ఆ పండ్లు వెనిగర్ దాకా రావాల్సిన పని లేదు, తినడానికే చాలవు.

సీసా లేకపోతే ఇంట్లో ఏం ఆగిపోతుంది? ఉల్లిగడ్డ ముక్కలకు నిమ్మరసం చాలు. పప్పుకు పుంటికూర ఉంది. బతుకమ్మ ముందు ఇత్తడి తాంబాళం తళతళలాడేది చింతపండుతోనే. తలంటుకున్నాక వెనిగర్ నీళ్లు పోసుకోమంటున్నారు గానీ, శీకాయలోనూ కొంత పులుపు ఉంది. నెలల తరబడి నిలవుండే వెనిగర్ పచ్చళ్లలో మాత్రం నిమ్మరసాన్ని నమ్ముకోవద్దు. సీసాలో పులుపు సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది. నిమ్మకాయలో కాయకో లెక్క.

ఇక వెనిగర్ తాగితే బరువు తగ్గుతారన్న మాట. లెబనాన్ యువకుల మీద జరిగిన ఒక అధ్యయనం 2024లో బీఎంజే పత్రికల్లో ఒకదానిలో వచ్చి, ప్రపంచమంతా తిరిగింది. లెక్కలు నమ్మదగ్గవి కావని 2025లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ సంగతి మాత్రం అంత దూరం తిరగలేదు. తాగాలనే ఉంటే నీళ్లు కలపకుండా తాగొద్దు, పళ్ల మీది పింగాణీ అరుగుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి.

ఎండాకాలం వస్తే మన ఊళ్లలో ఆడవాళ్లు వాకిట్లో కూర్చుని చింతకాయ కొట్టి, గింజ తీసి, ఉప్పు చల్లి కుండకెత్తుతారు. ఏడాది తిరిగేసరికి అది నల్లబడుతుంది. జ్వరం పడి లేచినవాళ్లకు చారు కాచేటప్పుడు పెద్దవాళ్లు కొత్తది పక్కనపెట్టి ఆ నల్లదే తెమ్మంటారు.