కాఫీ బాగులేదంటే తప్పు కోడలిదా, పొట్లానిదా?

శృంగవరపుకోట (మా గ్రామీణ విలేఖరి): చుట్టం గుమ్మంలోకి వస్తే కాళ్ళకు నీళ్ళివ్వడం, ఆ వెంటనే కాఫీ పెట్టడం మన జిల్లాలలో ఇప్పటికీ ఉన్న మర్యాద. రోజూ టీ తాగే ఇళ్ళలో కూడా చుట్టాల కోసమని ఒక కాఫీ పొట్లం విడిగా దాచి ఉంచుతారు. వచ్చినవారు తాగి "బాగుందమ్మా" అంటే సరే. గ్లాసు సగంలో కింద పెట్టారంటే మాత్రం నింద వంటింట్లోకి పోతుంది. "మా కోడలికి కాపీ కలపడం చేతకాదు" అని అత్తగారు పదిమంది ఎదుటా అనేస్తుంది. సంతలో ఆ పొట్లం ఏరి తెచ్చిన మామగారు గాని, కొడుకు గాని అప్పుడు నోరు మెదపరు. చాలా ఇళ్ళలో కాఫీ పొయ్యి మీద చెడిపోవడం లేదు. దుకాణంలో చెడిపోయి ఇంటికి వస్తున్నది. ఈ సంగతి మగవారు గ్రహించడం అవసరం.

ఈసారి పొట్లం కొన్నప్పుడు దాని మీది చిన్న అక్షరాలు చదవండి. చదువురాని వారు బడికి వెళ్ళే పిల్లల చేత చదివించుకోండి. కాఫీ ఎన్ని పాళ్ళు, చికోరీ ఎన్ని పాళ్ళు అన్నది అచ్చువేయడం చట్టప్రకారం తప్పనిసరి. కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదన్నదే నిబంధన. అంటే 49 పాళ్ళ దాకా చికోరీ వేసి అమ్మినా అడిగేవారు లేరు. కాఫీ 53, చికోరీ 47 అని రాసి ఉన్న పొడి 200 గ్రాములు కొంటే మీ ఇంటికి వచ్చిన కాఫీ 106 గ్రాములే. చవక అనుకుని తెచ్చినది లెక్క వేస్తే అంత చవక కాదు.

చికోరీ విషమేమీ కాదు. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. నల్లటి రంగు, చిక్కదనం, చేదు దాని గుణాలు. కాఫీ వాసన దానికి లేదు, కాఫీ తాగితే వచ్చే చురుకుదనమూ లేదు. నల్లగా ఉంటే గట్టి కాఫీ అని మనకొక నమ్మకం ఉన్నది. ఆ నమ్మకం మీదనే ఈ వ్యాపారం సాగుతున్నది. విడిపొడి మీద అనుమానం ఉంటే గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి, పైన చెంచాడు పొడి చల్లి కదపకుండా చూడండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ వెంటనే గోధుమరంగు చారలు విడుస్తూ అడుగుకు దిగిపోతుంది. ఇది ఫిల్టరు పొడికి చేసే పరీక్ష. వేడిపాలలో వేయగానే కరిగిపోయే రకం పొడికి ఇది పనికిరాదు. ఆ రకంలోనూ చికోరీ కలిసినవి ఉన్నాయి గనుక అక్కడా అట్ట చదవడమే మార్గం.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, మంచి కాఫీ పండేది మన పక్కనే. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే అనంతగిరి దగ్గర రోడ్డు పక్కనే కాఫీ తోటలు కనిపిస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు గిరిజన కుటుంబాలు కొద్దిపాటి తోటలలో పెంచేది ఎక్కువగా అరబికా రకం. చలికాలంలో ఎర్రగా పండిన కాయను చేత్తో కోసి, తొక్క ఒలిచి, కడిగి ఎండబెడతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి దగ్గర గింజలు కొని, అరకు వ్యాలీ కాఫీ పేరున పొడి అమ్ముతున్నది. 2017లో ఫ్రాన్సు దేశపు పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్ వారు తాగుతున్నారు, కొండ దిగువన ఉన్న మనం మాత్రం సగం వేరుపొడి తాగి కోడలిని తిడుతున్నాము.

ఇక సామాను సంగతి. కొత్తగా డబ్బు చూసిన ఇళ్ళలో కరెంటుతో నడిచే కాఫీ మిషన్లు కొంటున్నారు. వేలకు వేలు పోసి తెచ్చి, అందులో వేసేది మళ్ళీ ఆ సగం పొడే. నాలుగు రోజులు ముచ్చట తీరాక అది అటక ఎక్కుతుంది. నా మాట వింటే ఆ డబ్బు మంచి గింజల మీద పెట్టండి. ఇంటికి కావలసినది ఒక స్టీలు ఫిల్టరు మాత్రమే. కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చిల్లులు సన్నగా, ఒకే తీరుగా కనిపించాలి. పైగిన్నె కిందిగిన్నెలో వదులుగా ఊగకుండా కూర్చోవాలి. లోపల పొడిని అదిమే కాడబిళ్ళ అంచుల దాకా సరిపోవాలి. ఇంట్లో నలుగురుంటే నలుగురికి సరిపోయే ఫిల్టరే కొనండి. పదిమంది ఫిల్టరులో ఇద్దరికి పొడి వేస్తే అది అడుగున పలుచని పొరగా పరుచుకుంటుంది. నీళ్ళు జారిపోతాయి, సారం దిగదు.

ఇత్తడి ఫిల్టరు మీద మోజు ఉన్నవారు లోపల కళాయి ఉన్నదో లేదో చూసుకోండి. కళాయి లేని ఇత్తడిలో రాత్రంతా డికాషను ఉంచకూడదు. కుంభకోణం పేరు చెప్పి ఇత్తడి డబరాలు, ఫిల్టర్లు దేశమంతా అమ్ముతున్నారు. మన శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పని చేసే చేతులు తక్కువైనవి కావు. పెళ్ళి సారెకు సామాను చేయించేవారు ఒక ఫిల్టరు కూడా చేసిపెట్టమని అక్కడ అడిగి చూడవచ్చును.

ఫిల్టరు లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. నీళ్ళు మరిగించి, దించి, పొడి వేసి మూత పెట్టి అయిదు నిమిషాలు ఉంచి, పలుచని నూలుగుడ్డలో వడగట్టితే చక్కటి డికాషను వస్తుంది. పట్నాలలో గాజు కూజా అడుగుకు జల్లెడను నొక్కే సామానొకటి అమ్ముతున్నారు. అది మన గుడ్డ వడపోతకు తమ్ముడి వరస. గుడ్డను మాత్రం సబ్బు పెట్టకుండా వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. సబ్బు వాసన పట్టిన గుడ్డ ఎంత మంచి పొడినైనా పాడుచేస్తుంది.

ఫిల్టరు పెట్టే పద్ధతి తెలిసినదే గాని, తొందరలో తప్పుతుంటారు. నలుగురికి పొడి పెద్ద చెంచాతో నిండుగా నాలుగు, అంటే దాదాపు 25 గ్రాములు. పైగిన్నెలో పోసి, చేత్తో తట్టి చదును చేసి, బిళ్ళ పెట్టాలి. బలం పెట్టి అదమకూడదు. నీళ్ళు మరిగాక పొయ్యి మీంచి దించి, కొంచెం ఆగి, ముందు పొడి తడిసేటట్లు కొద్దిగా పోయాలి. అర నిమిషం తరువాత మిగిలినవి పోసి మూత పెట్టాలి. మొత్తం నీళ్ళు పెద్ద గ్లాసుడు, సుమారు 200 మిల్లీలీటర్లు చాలును. పదిహేను, ఇరవై నిమిషాలలో డికాషను దిగుతుంది. దిగకపోతే పైగిన్నెను కాస్త పైకెత్తి మళ్ళీ కూర్చోబెట్టండి. లోపల చిక్కిన గాలి పోయి చుక్కలు పడతాయి. అప్పటికీ దిగకపోతే పొడి మరీ మెత్తనైనదన్నమాట. చుట్టం గుమ్మంలో నిలబడ్డాక "అయిదు నిమిషాల్లో కాపీ తేవే" అని కేకవేస్తే ఏ ఇల్లాలికీ ఇది సాధ్యం కాదు.

డికాషనును పొయ్యి మీద మరిగించడం మన దగ్గర ఉన్న పెద్ద తప్పు. మరిగితే వాసన ఆవిరైపోయి చేదు మిగులుతుంది. చల్లారితే వేడినీళ్ళ గిన్నెలో డికాషను గిన్నె ఉంచితే చాలు. పాలు ఒక్క పొంగు వచ్చాక దించి, వాటిలో డికాషను కలుపుకోవాలి. మరిగి మరిగి మీగడ కట్టిన పాలతో కలిపితే పాల రుచే తప్ప కాఫీ రుచి తెలియదు. బెల్లం వేసేవారు దించిన తరువాత వేయండి, పొయ్యి మీద వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉన్నది. తీరపు ఊళ్ళలో కొన్ని బావుల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో ఎవరు పెట్టినా కాఫీ బాగుండదు. తాగే నీళ్ళతోనే కాఫీ కూడా పెట్టాలి.

ఒక హెచ్చరిక. చికోరీ లేని పొడితో మొదటిసారి పెట్టిన డికాషను పలుచగా, ఎర్రగా కనిపిస్తుంది. "ఇదేం కాపీ, నీళ్ళలా ఉంది" అని ఇంటి పెద్దలు అనడం ఖాయం. వారిని ఒకేసారి మార్చలేము. కాఫీ 80, చికోరీ 20 ఉన్న పొడితో మొదలుపెట్టి, కొన్నాళ్ళకు 90కి వెళితే నోరు అలవాటు పడుతుంది. పొడి ఒకేసారి అరకిలో కొనవద్దు. మూట విప్పిన పది, పదిహేను రోజులకే వాసన తగ్గిపోతుంది. వంద గ్రాములు తెచ్చి, గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచుకోవాలి. గింజలైతే ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి. మిక్సీలో ఆపి ఆపి తిప్పుకుని, సన్నరవ్వ కంటే కొంచెం మెత్తగా ఆడించుకోవచ్చు.

అయితే గింజలు ఎక్కడ దొరుకుతాయి? ఈ ప్రశ్న వ్యాపారులకూ, అధికారులకూ వేయవలసి ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం పట్నాలలోనే కాక రాజాం, బొబ్బిలి, సాలూరు, పాలకొండ, టెక్కలి వంటి చోట్ల కూడా వేయించిన గింజలు ఉంచి, అడిగినవారికి అడిగినంత మర ఆడించి ఇచ్చే దుకాణం ఒక్కటైనా ఉండాలి. గిరిజన సహకార సంస్థ వారు చికోరీ కలపని పొడిని వంద గ్రాముల చిన్న పొట్లాలుగా కట్టి పార్వతీపురం, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం సంతలలో ప్రతి వారం అమ్మించాలి. ఆ పొట్లం మీద పాళ్ళు తెలుగులో, ముసలివారి కంటికి కూడా ఆనేటంత పెద్ద అక్షరాలలో వేయించాలని ఈ ప్రాంత ప్రజల తరఫున కోరుతున్నాము.