తగ్గిందని ఇన్‌హేలర్ ఆపొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఉబ్బసానికి డాక్టరు రెండు మందులు కలిసున్న ఇన్‌హేలర్ రాశారు. నెల వాడేసరికి ఆయాసం తగ్గింది. ‘బాగానే ఉన్నానుగా, ఇంకా పీలిస్తే అలవాటైపోతుంది’ అని ఆపేసింది. ఇప్పుడు రాత్రిళ్లు మళ్లీ దగ్గుతోంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడితే సరిపోదా?

- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మగారిలా భయపడేవారు చాలామందే ఉంటారు. నిజానికి ఇన్‌హేలర్ వ్యసనంలా అలవాటయ్యే మందు కాదు. ఆపగానే దగ్గు తిరగబెట్టిందంటే శ్వాసనాళాల్లో వాపు ఇంకా ఉందని అర్థం.

ఇందులోని ఒక మందు బిగుసుకున్న నాళాలను వదులు చేస్తుంది. రెండోది స్టెరాయిడ్. ఇది వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది. ఈ పని పైకి తెలియదు కాబట్టే చాలామంది మధ్యలో మానేస్తారు. స్టెరాయిడ్ అనగానే కంగారొద్దు. మైక్రోగ్రాముల మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి మాత్రలతో పోలిస్తే దుష్ప్రభావాలు బాగా తక్కువ.

ఇక డబ్బా మీద పేరు చూడండి. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసినదైతే కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది. డాక్టరు చెబితే ఆయాసం వచ్చినప్పుడూ వాడుకోవచ్చు. సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్ కలిసినది అత్యవసరానికి పనికిరాదు. దాన్ని రెండు పూటలా క్రమం తప్పక పీల్చాల్సిందే.

పీల్చే పద్ధతీ ముఖ్యమే. స్ప్రే రకాన్ని బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నిదానంగా లోపలికి పీల్చాలి. 10 సెకన్లు బిగబట్టాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్ గొట్టం వాడాలి. పొడి మందు రకాన్ని మాత్రం వేగంగా, బలంగా పీల్చాలి. ఏదైనా సరే, తర్వాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు రావచ్చు.

పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న సీవోపీడీ బాధితులకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌తో న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా వెంటనే డాక్టరుకు చూపించాలి. ఒకరి ఇన్‌హేలర్ మరొకరు వాడకూడదు.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మందు పీల్చినా ఉపశమనం లేకపోవడం... వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రాత్రి దగ్గు మొదలైంది కాబట్టి అమ్మగారిని వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఇన్‌హేలర్‌నూ వెంట పట్టుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే చేసి చూపించమనండి. ఉబ్బసం సుమారు 3 నెలలు పూర్తిగా అదుపులో ఉంటే డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు. అప్పటిదాకా ఆయాసం లేని రోజున కూడా మందు మానకూడదు.