తల్లిని నిలదీసే నోళ్లు మూతపడాలి

ఏడాది నిండిన బిడ్డ నడవకపోతే అది జబ్బు కాదు. తల్లి తప్పు అసలే కాదు. ఈ మాట చెప్పడానికి ఇంత కోపం దేనికని అడిగేవాళ్లు ఒక్క ఆదివారం ఏడుపాయలకు రావాలి.

పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట, వనదుర్గమ్మ గుడి చుట్టూ చెట్ల కింద పొయ్యిలు మండుతుంటాయి. పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలు గుండ్లకు గంధం పూసుకుని చేతులు మారుతుంటారు. ఆ జనంలో ఒక తల్లి తన పదకొండు నెలల కొడుకును ఒడిలోంచి దించడం లేదు. పక్కనే చాప పరిచి ఉంది, వాడు దాని మీదికి జారాలని గింజుకుంటున్నాడు. దించితే పాకుతాడు, పాకితే నలుగురూ చూస్తారు. ఆమె భయమంతా అదే. చివరికి వాడు జారనే జారాడు, వాళ్లు అడగనే అడిగారు. "ఇంక పారాడుడేనా? మా పిలగాడు తొమ్మిదో నెలల్నే అడుగులేసిండు." ఇంకొకామె, "పాలు సాల్తలేవేమో." మూడో ఆమె, "సంకల నుంచి దించితే గద పోరడు నడిచేది!" తల్లి మారు మాట్లాడకుండా బిడ్డను మళ్లీ ఒడిలోకి లాక్కుంది. ప్రేమ పేరుతో ఇంత దౌర్జన్యం చేసే హక్కు చుట్టాలకు ఎవరిచ్చారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఎనిమిది వందల మందికి పైగా ఆరోగ్యవంతులైన పిల్లలను నాలుగో నెల నుంచి గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలున్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం ఒకరికి నాలుగు నెలలైనా నిండకుండానే వస్తే, ఇంకొకరికి తొమ్మిది దాటాక వచ్చింది. సొంతంగా నడవడానికి ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా పట్టింది. వీళ్లలో ఎవరికీ ఏ లోపమూ లేదు. నూటికి నలుగురు అసలు మోకాళ్ల మీద పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. నడక వచ్చే సగటు వయసు పన్నెండు నెలలు. అంటే ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ దాదాపు సగం మంది పుట్టినరోజు దాటాకే నడుస్తారు. "ఏడాదికి నడవాలి" అని గీత గీసి మనం నిలదీస్తున్నది ఆ సగం మంది తల్లులనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ లెక్క ఇంకా వేరు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు పది నెలలు నిండాయంటే ఎదుగుదలలో ఎనిమిది నెలల బిడ్డగానే చూడాలి. పోలికలు తెచ్చే ఏ పెద్దమ్మ ఈ లెక్క వేస్తుంది?

మన ముసలమ్మలు ఇంతకన్నా బుద్ధిమంతులు. బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని వండి పంచారే తప్ప, ఫలానా నెలలో బోర్లపడాలని గడువు పెట్టలేదు. బిడ్డ చేసిన రోజే పండుగ. ఆ పండుగను పందెంగా మార్చింది మనం. ఆ పందేనికి గుర్రంలా వాకర్ కొనిస్తున్నదీ మనమే. వాకర్ నడక నేర్పదు. బిడ్డ వేలికొనల మీద తోసుకుంటూ పోతాడు తప్ప బరువు నిలబెట్టుకోవడం, పడి లేవడం నేర్చుకోడు. మెట్ల మీంచి, పొయ్యి మీదికి పడే ప్రమాదం అదనం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. బిడ్డకు కావలసింది చదునైన నేల, దాని మీద ఒక చాప. మెలకువగా ఉన్నప్పుడు బోర్ల పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని పలకరించే మనిషి. ఇవేవీ డబ్బు పెట్టి కొనేవి కావు.

ఇక రెండో ద్రోహం మొదటిదానికన్నా ఘోరం. పదకొండు నెలల బిడ్డను చూసి భయపెట్టిన ఆ నోళ్లే, రెండేళ్లకూ నడవని బిడ్డ తల్లితో "వాళ్ల నాయన గూడ గంతే, ఆలస్యంగనే నడిచిండు, అమ్మవారికి మొక్కు" అంటాయి. మొక్కుకోవద్దని నేననను. మొక్కు చెల్లించేదాకా డాక్టర్‌కు చూపించవద్దనే మాట మాత్రం నేరం. నాలుగైదు నెలలకూ మెడ నిలవకపోతే, తొమ్మిది దాటినా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలకూ నడక రాకపోతే ఆగకూడదు. ఒళ్లు గుడ్డపేలికలా వాలిపోయినా, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నా, ఏడాదిలోపే ఒక్క చేతినే వాడుతున్నా చూపించాలి. అప్పటికే వచ్చిన కదలిక ఏ వయసులో పోయినా మర్నాటికి వాయిదా వేయకూడదు. థైరాయిడ్ లోపం చిన్న రక్తపరీక్షతో తెలుస్తుంది, రోజూ ఒక మాత్రతో సరిపోతుంది. పుట్టిన తొలి వారాల్లో ఆ మాత్ర పడకపోతే మెదడుకు జరిగిన నష్టం మళ్లీ పూడదు. డి విటమిన్ లోపంతో ఎముకలు మెత్తబడినా నడక ఆగుతుంది, దానికీ మందుంది. మెదడు పక్షవాతం నయం కాకపోయినా, తొలి రెండేళ్లలో మొదలుపెట్టిన ఫిజియోథెరపీ బిడ్డ బతుకునే మార్చగలదు. ఆ రెండేళ్లను మనం కబుర్లతో కాజేస్తున్నాం.

దీని చివర ఏముంటుందో 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం వేళ కలబురగి దగ్గర తాజ్‌సుల్తాన్‌పూర్‌లో దేశమంతా చూసింది. వైకల్యం పోతుందని నమ్మి, పిల్లలను మెడలోతు మట్టిలో పాతిపెట్టారు. ఆ తల్లిదండ్రులను తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. అంతకుముందు ఆ పిల్లలకు ఎవరు, ఎన్నిసార్లు పరీక్ష చేశారో అడగాలి.

అడగడానికి పథకం ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది. డాక్టర్లున్న సంచార బృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వచ్చి, ఎదుగుదలలో ఆలస్యం సహా లోపాలు వెతకాలి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలి. మీ ఊరి అంగన్‌వాడీకి ఆ బృందం కిందటిసారి ఎప్పుడొచ్చిందో రేపే వెళ్లి అడగండి. బరువు తూచి పంపేస్తున్నారా, బిడ్డను నేల మీద దించి చూస్తున్నారా? మెదక్ జిల్లా అధికారులను నేనడిగేది ఒకటే. ఏడుపాయల శివరాత్రి జాతర మూడు రోజులూ లక్షల మంది వస్తారు, వైద్య శిబిరం ఎలాగూ పెడతారు. అక్కడ పిల్లల డాక్టర్‌ను, ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టండి. అనుమానం ఉన్న ప్రతి బిడ్డకూ తేదీ వేసి చీటీ రాసివ్వండి, ఆ తేదీకి రాకపోతే ఆశా కార్యకర్తను ఇంటికి పంపండి.